చేయి తిరిగిన పని

సిద్దిరాములు దస్తీ గుడ్డ ముడి విప్పి చూశాడు. లోపల స్టీలు రివాల్వర్ ఉంది.

పొద్దున్నే కొడుకు నరహరి ఉరుకుల మీద స్టీలు పాలిష్ షాపుకొచ్చి ఆ మూట ఇచ్చాడు. చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు ముడి కొసన పట్టుకుని, ఒంటికి దూరంగా పెట్టుకుని తెచ్చాడు.

"బాపు, దీన్ని జర దాచిపెట్టు. పొద్దూకంగ వచ్చి తీస్కపోత."

"ఏందిరా ఇది?"

"ఇప్పుడేం అడగకు. మల్ల చెప్త."

అంతే, వెళ్లిపోయాడు. నరహరి రియల్ ఎస్టేట్ దివాకర్ దగ్గర కారు డ్రైవరు. ఆ సారు వ్యవహారాల్లో అడగరానివి చాలా ఉంటాయి. సిద్దిరాములు మూటను పాత గిన్నెల అడుగున పెట్టి ఛాయ్ తాగడానికి పోయాడు.

చౌటుప్పల్ హైవే పక్కన ఛాయ్ బండి దగ్గర అందరి నోటా ఒకటే మాట.

"పోచయ్యను కాల్చి చంపిండ్రట. తెల్లారి గొర్లను తోలుకపోతాంటె."

"వెంచర్ నడుమ జాగా అమ్మనన్నడు గద. దివాకరే చేసిండా?"

"ఆయన కాదట, డ్రైవరట. సారు కార్ల పెట్టుకున్న రివాల్వర్ తీసి కాల్చిండట. సారే పోయి పోలీసులకు చెప్పిండు."

సిద్దిరాములు ఛాయ్ గ్లాసు అక్కడే వదిలేశాడు. కొడుక్కు ఫోన్ చేశాడు. స్విచ్ ఆఫ్. షాపుకొచ్చి షట్టర్ సగం దించి, అప్పుడు విప్పాడు ఆ మూట.

నరహరి కోడిని కోయమంటే గోడ దూకి పారిపోయేవాడు. వాడు మనిషిని చంపాడా? సారు చెయ్యమంటే చేశాడేమో. ఉప్పు తిన్న పాపానికి కాదనలేకపోయాడేమో. ఏం చేసినా కొడుకు కొడుకే కదా. పోలీసుల ముందు నిలబడి మాట్లాడే నోరు సిద్దిరాములుకు లేదు. దివాకర్‌ను ఎదిరించే బలం అంతకన్నా లేదు. ఉన్నదల్లా చేతిలో పాలిష్ పని ఒక్కటే.

మగ్గం మూలపడ్డాక నేర్చుకున్న పని అది. హోటళ్ల గిన్నెలు, మేడమెట్ల రెయిలింగులు, మాసిన స్టీలు ఏదైనా సరే, అతని చేతిలో పడితే కొత్తదైపోతుంది.

రివాల్వర్ గొట్టం మీద రాళ్లకు గీసుకున్న గీతలున్నాయి. గుండ్లు పెట్టే చక్రం ముందు నల్లటి కమురు. పక్కన, నూనె చేత్తో ఎత్తిన గ్లాసు మీద పడ్డట్టు వేలిముద్రలు. బొటనవేలిది ఎంత వెడల్పో. తన వేలు పట్టుకుని నడక నేర్చిన చెయ్యి ఇంత పెద్దది ఎప్పుడైందో అనుకుంటే అతనికి ఏడుపొచ్చింది.

ఆ ఏడుపుతోనే పనికి కూర్చున్నాడు. లోపల గుండ్లు ఉన్నాయో లేవో చూసే ధైర్యం లేక, గొట్టాన్ని గోడవైపు తిప్పుకున్నాడు. పాలిష్ మోటారు వెయ్యలేదు. అద్దంలా మెరిస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. కంపెనీ స్టీలు మీద సన్నటి గరుకు ఉంటుంది, పడుగు పోగుల్లా అంతా ఒకే వైపు. ఆ వైపే చూసుకుంటూ ఎమరీ కాగితంతో రుద్దాడు. గీతలు పోయాయి. కమురు పోయింది. బొటనవేలి ముద్ర అన్నిటికన్నా ముందే పోయింది. ట్రిగ్గర్ సందులో దారానికి పాలిష్ పట్టించి లాగాడు. తుడిచాడు, వెలుతురులో పెట్టి చూశాడు, మళ్లీ తుడిచాడు. బతుకులో ఏ పనీ అంత బాగా చెయ్యలేదు.

పొద్దు గూకుతుండగా నరహరి వచ్చాడు. వెంట నల్లకోటుతో స్వర్ణలత, నరహరికి తెలిసిన వకీలు. ఆమె చేతిలో ఖాళీ ప్లాస్టిక్ కవరు ఉంది.

"బాపు, గా మూట ఇయ్యి."

సిద్దిరాములు కొడుకును పక్కకు లాక్కున్నాడు.

"ఫికర్ చెయ్యకు కొడుకా. నీ చెయ్యి పడ్డ జాడ సుత లేకుంట చేసిన."

నరహరి ముడి విప్పాడు. ట్యూబ్‌లైటు కింద రివాల్వర్ ఇప్పుడే డబ్బాలోంచి తీసినట్టుంది. అతను గోడకు ఆనుకుని అలాగే కిందికి కూలబడ్డాడు. వకీలు కవరు మడిచి బ్యాగులో పెట్టేసుకుంది.

"నేను దాన్ని చేత ముట్టనే లేదు బాపు, దివాకర్ సార్ రాళ్లల్ల ఇసిరేస్తె, ఆయన ఏలిముద్రలు చెరిగిపోవద్దనే దస్తీల పట్టి తెచ్చిన."