ఉర్సూలా సాక్ష్యం

“పెద్దమ్మా, ఇక నీదే భారం,” అన్నాడు గాస్పర్ చర్చి మెట్లెక్కుతూ.

పక్కింటి ఉర్సూలా అతని భుజం తట్టింది. “పిచ్చివాడా, నీ కూతురికి జ్ఞానతల్లిని రా నేను. నీకు చెడు జరగనిస్తానా?”

తాతలనాడు ఇస్లాం వదిలి బాప్తిస్మం పొందిన కుటుంబాలన్నిటినీ ఆఫ్రికాకు తోలేయమని రాజాజ్ఞ. మంచి క్రైస్తవుడేనని పాత క్రైస్తవులు, అంటే తరతరాలుగా క్రైస్తవులైనవాళ్లు, ఎవరైనా పూచీ పడితే ఉండనిస్తారట. ఊళ్లో ఉర్సూలాకు ఆ పేరుంది. లేకపోతే గాస్పర్‌కు ఇల్లూ లేదు, చెరకు తోటా లేదు. దేనియా రేవులో ఓడలు సిద్ధంగా ఉన్నాయి.

“ముందే చెబుతున్నాను,” అన్నాడు లోపలి గదిలో కూర్చున్న రాజుగారి అధికారి. “పూచీ పడ్డాక ఇతనిమీద అనుమానం వస్తే సాక్షుల పుట్టుపూర్వోత్తరాలు కూడా తవ్వుతాం.”

“తవ్వుకోండి దొరా. పంది కొవ్వు తగలని కుండ మా ఇంట్లో లేదు.”

“ఇతను పంది మాంసం తింటాడా?”

“లొట్టలేసుకుంటూ.”

“ద్రాక్షసారా?”

“ఎవరు పోస్తారా అని చూస్తుంటాడు!”

అధికారి నవ్వి కలం అందుకున్నాడు. గాస్పర్‌కు ప్రాణం లేచొచ్చింది.

“బంగారంలాంటి మనిషి దొరా,” ఉర్సూలా ఉత్సాహంగా అంది. “ఎంత శుభ్రమో! ప్రతి శుక్రవారం ఇంటిల్లిపాదీ స్నానం చెయ్యాల్సిందే. మాలాగా కంపు కొట్టరు.”

కలం ఆగిపోయింది. శుక్రవారపు స్నానం ముస్లింల ఆచారమని ఆ గదిలో ఉర్సూలాకు ఒక్కదానికే తెలియనట్టుంది.

“అది మా అమ్మ నేర్పిన అలవాటు దొరా, మతం కాదు!” గాస్పర్ మొత్తుకున్నాడు.

“ఓడెక్కించండి,” అన్నాడు అధికారి.

రేవులో గాస్పర్ ఓడల వైపు చెయ్యి చూపాడు. “మా నాన్న చనిపోయిన పెద్ద రాజుగారి ఓడలకు తాళ్లు పేనాడు. లోకాన్ని గెలిచిన ఓడలు! ఇప్పుడు సొంత రైతుల్ని తరమడానికి మిగిలాయి. ఫ్లాండర్స్ యుద్ధంలో గెలవలేక సంధి చేసుకున్న ఆయన కొడుకు, ఈ రాజుగారు, మామీద గెలిచారు. రేపు ఈ చెరకు ఎవడు నరుకుతాడో చూస్తాను!”

ఉర్సూలా గుండెలు బాదుకుంది. “నా నోరు పడిపోనూ! గొప్పగా చెబుదామనుకున్నాను నాయనా...”

“ఊరుకో పెద్దమ్మా. ద్రోహం చేసింది రాజు. నువ్వు కావాలని అన్నావా?” గాస్పర్ ఆమె చేతిని ముద్దు పెట్టుకుని, ఆరేళ్ల కూతురిని ఎత్తుకుని ఓడెక్కాడు.

ఓడ కనుమరుగయ్యేదాకా ఉర్సూలా ఏడుస్తూనే ఉంది. ఇంటికొచ్చి తలుపు గడియ పెట్టి, కిటికీలు మూసింది.

మక్కా వైపు తిరిగి నమాజుకు వంగింది.