చివరి గుక్క

గిన్నె దగ్గరకొచ్చేసరికి లక్ష్మమ్మ మొహం పక్కకు తిప్పుకుంది.

నందివెలుగు చర్చిలో ఆ ఆదివారం ప్రభు రాత్రి భోజనం.

కరోనా తర్వాత చాలా చర్చిల్లో ద్రాక్షరసానికి చిన్న చిన్న గ్లాసులొచ్చాయి. ఇక్కడ మాత్రం పాత వెండి గిన్నే. పాస్టరు అబ్రహాము అయ్యగారు దాని అంచు తుడిచి, కొంచెం తిప్పి, మోకరించిన వాళ్ళకు ఒకరి తర్వాత ఒకరికి పడతారు. అందరూ ఒకే గిన్నెలో తాగితేనే అది భోజనమని ఆయన పట్టుదల.

లక్ష్మమ్మకంటే ముందు తాగినవాడు అంద్రెయ. ఊరికి కొత్త. తాగుతూ తాగుతూ దగ్గాడు. అలాంటిలాంటి దగ్గు కాదు, మనిషి రెండుగా వంగిపోయే దగ్గు.

ఆరాధన అయ్యాక లక్ష్మమ్మ సంఘపెద్ద కృపారావును పట్టుకుంది.

"అన్నయ్యా, ఆయనకి టీబీ అయ్యుంటుంది. ఆయన మూతి పెట్టిన గిన్నెలో మమ్మల్ని తాగమంటావేంటి?"

"చూసి చెబుదాం అమ్మా."

"చూసేదేముంది? మా వరసలో వాళ్ళందరిదీ ఇదే మాట."

సంఘపెద్ద అన్నాక అందరి మాటా వినాలి. గట్టిగా మాట్లాడేవాళ్ళది ముందు వినాలి. కృపారావు అంద్రెయ దగ్గరకు నడిచాడు.

అంద్రెయ ఒక్కడే చెప్పులేసుకుంటున్నాడు. భార్య పోయాక రేపల్లెలో ఉండలేక ఇక్కడికొచ్చి ఒంటిగది అద్దెకు తీసుకున్నాడు. పిల్లల్లేరు. ఆదివారం పదిమంది పక్కన మోకరించడం ఒక్కటే ఆయనకు మిగిలిన చుట్టరికం.

"అంద్రెయగారూ, మీరేమీ అనుకోకూడదు. వచ్చేసారి నుంచి భోజనానికి మీరు చివర్న వస్తారా?"

అంద్రెయ మొహం చిన్నబోయింది.

"ఇది అంటుకునేది కాదండి. గుంటూరులో డాక్టర్లు చూశారు. ఊపిరితిత్తులు గట్టిపడ్డాయన్నారు. ఉద్యోగంలో పట్టుకుంది."

ఏం ఉద్యోగమని కృపారావు అడగలేదు. అడిగుంటే కథ ఇక్కడితో అయిపోయేది.

"నిజమేనండి. కానీ ఆడవాళ్ళు భయపడుతున్నారు."

"అందరితో కలిసి తీసుకోవాలనే వస్తున్నానండి. అదొక్కటీ లేకుండా చేయొద్దు."

వెనకే వచ్చిన లక్ష్మమ్మ ఊరుకోలేదు.

"అన్నా, నీమీద నాకేం కోపం లేదు. దుగ్గిరాలలో పసుపు గోడౌన్ తగలబడినప్పుడు లోపల పడిపోయి, చచ్చి బతికినదాన్ని. కళ్ళు తెరిస్తే ఆస్పత్రిలో ఉన్నా. దేవుడు తిరిగిచ్చిన ఊపిరి. మళ్ళీ నీ దగ్గు అంటించుకోమంటావా?"

అంద్రెయ ఆమె వైపు చూశాడు. ఏదో చెప్పబోయి ఆగాడు.

"వద్దు తల్లీ. చివర్నే వస్తా."

ఇంత తేలిగ్గా ఒప్పుకున్నాడంటే జబ్బు ఉన్నట్టేనని ఇద్దరూ ఒక నిర్ణయానికొచ్చేశారు. అయ్యగారు మెట్ల మీద నిలబడి అంతా విన్నారు. సంఘంలో గొడవెందుకని విననట్టే లోపలికి వెళ్ళిపోయారు.

అప్పట్నుంచి అందరూ లేచి వెళ్ళాక అంద్రెయ ఒక్కడే వచ్చి మోకరించేవాడు. గిన్నెలో అడుగున ఉన్నదాంట్లో ఒక గుక్క తాగేవాడు. మిగిలింది అయ్యగారు తాగేవారు. అప్పటికి సగంమంది గుమ్మం దాటేసేవారు.

తర్వాత వెనక బెంచీ కూడా ఆయన ఒక్కడిదే అయింది. ఎవరూ పొమ్మనలేదు. పక్కన కూర్చోవడం మానేశారు, అంతే. మనిషిని వెలివేయడానికి పెద్ద తీర్మానాలేం అక్కర్లేదు.

వానాకాలంలో ఒక ఆదివారం ఆయన రాలేదు. ఎవరూ అడగలేదు. ఆ వారంలోనే ఇంటివాళ్ళు తలుపు నెట్టి చూస్తే మంచం మీద ప్రాణం లేకుండా ఉన్నాడు.

సమాధి కార్యక్రమానికి పట్టుమని పదిమంది వచ్చారు. సంఘపెద్దగా కృపారావు, ఎంతైనా చావుకదా అని లక్ష్మమ్మ.

పెట్టె మూయబోతుంటే చర్చి ముందు ఎర్రబండి ఆగింది. ఖాకీ బట్టల్లో కొంతమంది ఫైర్‌వాళ్ళు దిగారు. పెట్టె చుట్టూ నిలబడి సెల్యూట్ చేశారు. చేస్తూనే వాళ్ళలో ఒకాయన దగ్గడం మొదలెట్టాడు. అదే దగ్గు. ఆయన ఆగేలోపు ఇంకొకాయన అందుకున్నాడు.

కృపారావు బిత్తరపోయాడు.

"మీకూ ఇదేనా అండీ?"

పెద్దవాడిలా ఉన్న యేసుదాసు తువ్వాలుతో నోరు తుడుచుకున్నాడు.

"మా బళ్ళ మీద పనిచేసినోళ్ళలో చాలామందికి ఇదేనండి. గడ్డివాములు, పత్తి మిల్లులు, ప్లాస్టిక్ గోడౌన్లు, అన్నిటి పొగా మేమేగా మింగేది. తడి తువ్వాలు మూతికి కట్టుకుని దూరేవాళ్ళం. అయినా ఇది ఒకరి నుంచి ఒకరికి అంటదండి."

లక్ష్మమ్మ తల దించుకుంది.

"అంద్రెయకి మాత్రం ఒక్కరోజులోనే వచ్చిందండి" అన్నాడు యేసుదాసు. "దుగ్గిరాల పసుపు గోడౌన్‌లోకి గాలి మాస్కు పెట్టుకునే వెళ్ళాడు. లోపల ఒక కూలామె పడిపోయుంది. తన మాస్కు తీసి ఆమెకి తొడిగి, భుజానేసుకుని బయటికొచ్చాడు. దారంతా ఆ పొగే పీల్చాడు. ఇంక మళ్ళీ డ్యూటీ ఎక్కలేదు."

లక్ష్మమ్మ పెట్టె అంచు పట్టుకుంది.

"ఆమెవరో ఆయనకి తెలుసా అన్నా?"

"అప్పట్లో తెలియదమ్మా, ఆ పొగలో మొహాలేం కనపడతాయి? ఈమధ్యే ఫోన్ చేసి, ఆమె కనపడిందిరా, మా గుళ్ళోనే ముందు వరసలో కూర్చుని గొంతెత్తి పాడుతోంది, నా మాస్కు వృథా పోలేదు అన్నాడు."