రెండో శిఖరం

క్షయ మాత్రలో రెండు మందులుండాలి. రాజ్‌కోట్ కాలేజీ ల్యాబ్‌లో కృపాలి రూపొందించిన పరీక్షలో ఒక్కో మందుకు తెరమీది గీతలో ఒక్కో శిఖరం లేస్తుంది. స్వచ్ఛమైన మందులు కలిపి యంత్రంలోకి పంపితే ప్రతిసారీ రెండూ లేచాయి. మాత్ర కరిగించి పంపితే మాత్రం ఒక్కటే.

"చాయ్ తాగిరా కృపాలిబెన్, ఈలోగా రెండోది మొలుస్తుంది," అన్నారు ఆమె గైడ్ రాఠోడ్ సార్.

తాగొచ్చి మళ్ళీ చేసింది. ఒక్కటే.

"మాత్రలో రెండో మందు లేదంటే ఎవరూ ఒప్పుకోరు. నీ పద్ధతే తప్పంటారు. ఇంతకీ ఏ షాపులో కొన్నావ్?"

"కొనలేదు సార్. మా అమ్మ వేసుకునేవి."

బయటికొచ్చి ఇంటికి ఫోన్ చేసింది. ఆమె నోరు తెరవకముందే అమ్మ దగ్గుతూ అంది:

"వేసుకున్నాను బేటా. రోజూ వేసుకుంటూనే ఉన్నాను. మింగకుండా పారేస్తున్నానని ఇక తిట్టకు."