తామరాకు

"మాస్టారూ, ఇందులో ఆడది ఏదండీ?"

తాంగ్ అక్క బొమ్మను బల్ల మీద పరిచింది. సాయంత్రం ఆమె కూతురి పెళ్ళి. వియ్యాలవారు కూర్చునే గదిలో తగిలించాల్సిన బొమ్మ అది.

షెన్ బోరు కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. తామరకొలనులో రెండు బాతులు, ఆలుమగల జంటకు గుర్తుగా. ఆడబాతుకు మట్టిరంగు వెయ్యాలి. రెండింటికీ రంగురంగుల ఈకలే ఉన్నాయి. ముప్పయ్యేళ్ళుగా సూజౌలో పెళ్ళిళ్ళకు బాతులు గీస్తున్నది అతనే.

"రెండూ మగవే," అన్నాడు. "ఈ కళ్ళజోడు నాకంటే బాతులకే అవసరమేమో. అవైనా నన్ను ఆపేవి."

"మీకు నవ్వులాటగా ఉంది. మా వియ్యపురాలు ముందు గోడను చూస్తుంది, తర్వాతే కుర్చీలో కూర్చుంటుంది."

"ఒక ఆడబాతును చేరుస్తాను."

"మూడా! కొత్త కాపురంలో మూడో మనిషా?"

"పోనీ, రెండు చేరుస్తాను."

"మా పిల్ల రెండు పెళ్ళిళ్ళు చేసుకోవాలా?"

"ఒకదాన్ని ఆకుతో కప్పేస్తే?"

"పెళ్ళినాడే దాన్ని ఒంటరిదాన్ని చేస్తారా? ఒకదానికి మట్టిరంగు పూసెయ్యండి, చాలు."

"ఈ కాగితం మీద గీస్తే గీసినట్టే అక్కా. దిద్దితే ఇట్టే తెలిసిపోతుంది. ముప్పయ్యేళ్ళ అనుభవంతో చెబుతున్నా."

కొత్తది వేసి, ఆరబెట్టి, వెనక మందపు కాగితం అంటించాలంటే మూడు రోజులు. షెన్ లేచి గోడ మీది బొమ్మ తీశాడు. తన పెళ్ళికి తనే వేసుకున్న బాతుల జంట. చిక్కుడు గింజలు ఒలుస్తున్న భార్య హుయ్‌లాన్ చెయ్యి ఆగింది.

"ముసలోడా, అదెందుకు?"

"నా పరువు కంటే ఎక్కువా?"

తాంగ్ అక్క ముక్కు ఆనించి మరీ చూసింది. ఒకటి రంగులది, ఒకటి మట్టిరంగుది. తల ఊపింది.

"ఈ తామరాకు చూశావా అక్కా?" అన్నాడు షెన్. "మళ్ళీ ఇలాంటి ఆకు నా కుంచెకు రాలేదు. వెయ్యిసార్లు ప్రయత్నించాను. వేసినవన్నీ తడిసిన గొడుగుల్లా వచ్చాయి."

ఆమె బొమ్మ చుట్టుకుని వెళ్ళిపోయింది. షెన్ ఖాళీ గోడ ముందు కూలబడ్డాడు.

"బాతులు పోతే పోయాయి. ఆ ఆకు పోయిందే!"

"సాయంత్రానికి ఇంకోటి వేసిస్తాలే," అంది హుయ్‌లాన్, గింజలు ఒలుస్తూ. "మన పెళ్ళికీ నువ్వు గీసింది రెండు మగబాతులనే. మర్నాడు ఒకదానికి టీ మడ్డి పూసి, దాని రంగుల రెక్క కనబడకుండా ఆ ఆకు వేసింది నేనేగా."