ఆఖరి విజిల్ దాకా

తొంభై నిమిషాల ఫుట్‌బాల్ ఆట డెబ్బై తొమ్మిదో నిమిషంలో ఉండగా విల్ఫ్ ఆక్‌రాయిడ్ టోపీ కళ్ల మీదికి లాక్కుని మూల గేటు వైపు జరగడం మొదలుపెట్టాడు. పక్కవాడికి చోటిస్తున్నట్టు ఒక అడుగు, వెనకవాడికి ఆట కనబడాలన్నట్టు ఇంకో అడుగు. గేటు దాటేసరికి అతని మొహంలో ఏ పాపమూ లేదు.

ఇరవై ఏళ్లుగా ఇదే వరస. క్రాగ్లీ జట్టంటే అతనికి ప్రాణం. కానీ ఇంటికి, అంటే స్కెల్‌బ్రోకి, బస్సు నాలుగూ ముప్పై అయిదుకి. అది తప్పితే మళ్లీ గంటకి గానీ లేదు. ఆ గంటా కొండగాలిలో నిలబడితే మోకాలు రెండు రోజులు మాట వినదు. భార్య మేవిస్ అయితే వారం రోజులు మాట వినిపిస్తూనే ఉంటుంది.

ఈసారి మాత్రం వ్యవహారం మామూలుది కాదు. త్వరలో జరిగే కప్పు పోటీలో క్రాగ్లీకి దేశంలోని పెద్ద జట్లాడే మొదటి డివిజన్ జట్టుతో ఆట పడింది. అలాంటి అదృష్టం ఊళ్లో ఎవరికీ గుర్తున్నంతలో రాలేదు. స్కెల్‌బ్రో అభిమానుల సంఘానికి ఆ ఆటకి నాలుగు టిక్కెట్లు వచ్చాయి. సంఘంలో ఉన్నదీ నలుగురే. ఇంకేం, సరిపోయింది అనుకుంటుండగా అధ్యక్షుడు పికర్స్‌గిల్ లేచి షరతు పెట్టాడు. ఈ శనివారం మామూలు ఆటలో ఆఖరి విజిల్ మోగకముందే మైదానం వదిలినవాళ్లకి టిక్కెట్ లేదు. ఆట మధ్యలో లేచిపోయేవాడూ, చర్చిలో పెళ్లి మధ్యలో లేచిపోయేవాడూ ఒకటే అన్నాడు. అంటూ విల్ఫ్ వైపే చూశాడు.

విల్ఫ్ నిజంగానే ఉండిపోదామని వచ్చాడు. కానీ ఆట సున్నా-సున్నా. ఇక ఏమీ జరగదని తేలిపోయాక మోకాలు తనంతట తానే గేటు వైపు తిరిగింది.

మిల్లు గోడ వెనక బస్సు స్టాపులో ఒక్కడే నిలబడి ఉండగా మైదానంలోంచి పెద్ద అరుపు లేచింది. ఇళ్ల పైకప్పుల మీది పావురాలన్నీ ఎగిరిపోయాయి. ఇరవై ఏళ్లలో అంత అరుపు అతను వినలేదు. గోలు పడింది. అతను లేకుండా పడింది. వెనక్కి పరిగెత్తుదామా అనుకునేలోపు బస్సు వచ్చి ఎదురుగా ఆగింది.

ఆరింటికి సంఘం గదికి వెళ్లేసరికి మిగతా ముగ్గురూ టీ తాగి కూర్చున్నారు. మైదానంలో ఎవరి చోట వాళ్లు విడివిడిగా నిలబడి చూడటం వాళ్ల అలవాటు. పికర్స్‌గిల్ కార్లో వస్తాడు, ఇనప కొలిమిలో పనిచేసే సెల్విన్ మోటార్‌సైకిల్ మీద, డెబ్బై మూడేళ్ల ఈనిడ్ మేనల్లుడి వ్యాన్‌లో. టిక్కెట్లు అధ్యక్షుడి ముందు నాలుగు కవర్లలో ఉన్నాయి.

"ఏం విల్ఫ్, ఆఖర్లో ఏం జరిగిందో చెప్పు, విందాం," అన్నాడు పికర్స్‌గిల్.

విల్ఫ్ టోపీ తీసి చేతుల్లో తిప్పాడు. "గోలు పడింది కదండీ."

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. దొరికిపోయాననుకున్నాడు.

"పడింది," అన్నాడు పికర్స్‌గిల్ మెల్లగా. "అదీ అలాంటిలాంటి గోలా?"

అంతే, సెల్విన్ అందుకున్నాడు. క్రాగ్లీ ఆటగాడు టార్డాఫ్ ఎడమకాలితో కొట్టాడనీ, ఇరవై గజాల నుంచనీ, గోల్‌కీపర్ కదిలే లోపే బంతి లోపలుందనీ చెప్పాడు. తను గోలుపోస్టు వెనకే నిలబడ్డానని, బురద చింది కోటంతా పాడైందని ఈనిడ్ చెప్పింది. పక్కనున్న ముక్కూ మొహం తెలియని మనిషిని కావలించుకుని ఏడ్చానన్నాడు పికర్స్‌గిల్. ఆ మాట చెబుతుంటే ఆయన కళ్లు మళ్లీ చెమ్మగిల్లాయి.

వింటున్న కొద్దీ విల్ఫ్ కుర్చీలో కుంచించుకుపోయాడు. డెబ్బై మూడేళ్ల మనిషి, చలిలో, చివరిదాకా నిలబడింది. తను యాభై నిండకుండానే మోకాలిని అడ్డం పెట్టుకుని పారిపోయాడు. పైగా ఇప్పుడు వాళ్ల ఆనందంలో దొంగలా వాటా పంచుకుంటున్నాడు. పికర్స్‌గిల్ కవరు చేతికిచ్చేసరికి అది నిప్పులా తోచింది.

"ఇది నాకొద్దండి," అన్నాడు లేచి నిలబడి. "నేను డెబ్బై తొమ్మిదో నిమిషంలో వచ్చేశాను. గోలు చూడలేదు. బస్సు స్టాపులో అరుపు విన్నానంతే."

సెల్విన్ తల దించుకుని బూట్లు చూసుకున్నాడు. ఈనిడ్ కప్పులో మిగలని టీని చెంచాతో కలిపింది. పికర్స్‌గిల్ మాత్రం పదిహేను నిమిషాలు నిలబడి మాట్లాడాడు. విశ్వాసం గురించి, చలిలో ప్రాణాలకి తెగించి నిలబడ్డ పెద్దల గురించి, జట్టు వెన్నులో కత్తి దింపేవాళ్ల గురించి. తర్వాత ఆ టిక్కెట్‌ని తన బావమరిది పేర రాశాడు.

"నిజం చెప్పావు నాయనా, అదే పదివేలు," అంది ఈనిడ్, అతని మొహంలోకి చూడకుండా.

విల్ఫ్ ఒంటరిగా కొండ దిగాడు. టిక్కెట్ పోయినందుకు కాదు, ఆ ముగ్గురి ముందు తను ఎంత చిన్నవాడైపోయాడో తలుచుకుంటే గుండె బరువెక్కింది. ఇకనుంచి బస్సు పోతే పోయిందని, మేవిస్ ఏమన్నా పడతానని, ఒక్క ఆట కూడా మధ్యలో వదలనని దారంతా ఒట్లు పెట్టుకున్నాడు. మూలమీద దుకాణంలో అప్పుడే సాయంత్రం ఆటల పేపరు దిగింది. చూడలేకపోయిన గోలు గురించి కనీసం చదువుకుందామని ఒకటి కొని, వీధి దీపం కింద విప్పాడు.

'క్రాగ్లీలో గోలుపోస్టు అడ్డకర్ర విరిగిపడి, సున్నా-సున్నా దగ్గరే, ఎనభై మూడో నిమిషంలో ఆట రద్దు.'