పొర కింద నెలవంక

కోకాపేట టవర్ల గేటు దగ్గర ఆ పాత స్కూటర్ మళ్లీ కనిపించేసరికి వీరేశం కడుపు భగ్గుమంది.

అది స్వామిది. ఆ ముసలాయన ఎక్కడి నుంచి ఊడిపడ్డాడో ఎవరికీ తెలియదు. బీరువాలకూ బల్లలకూ పైన అతికించే పల్చని టేకు పొర, అదే వినీర్, లేచిపోతే మళ్లీ అతికిస్తాడు.

వీరేశం పనీ అదే.

చేసుకోనీ, ఎవరు వద్దన్నారు? ఊరేమన్నా చిన్నదా? కానీ ఆయన వెళ్లేవన్నీ వీరేశం పనిచేసిన ఇళ్లే. మొన్న రేఖ మేడం ఇల్లు, నిన్న ఓంకార్ సారు ఇల్లు. ఇవాళ రోహిణి మేడం ఫ్లాట్‌కు పోయాడని సెక్యూరిటీ మొగిలి చెప్పాడు. ఆ ఇంట్లో నడుమెత్తు స్పీకర్ల జతకు పొర అతికించింది వీరేశమే.

తన పనికి వంక పెట్టి మళ్లీ పిలిచినవాళ్లు లేరని వీరేశానికి మహా గొప్ప. అలాంటిది తన గిరాకీని ఇంకొకడు తన్నుకుపోతుంటే ఊరుకుంటాడా?

నిజానికి ఈ కుళ్లు అతనికి కొత్త కాదు.

చిన్నప్పుడు నాయిన రామచంద్రం పని నేర్పుతూ మాటకు ముందు ఒకటే అనేవాడు. "పెద్దోడైతే గిట్ల చెయ్యడు బిడ్డా."

పెద్దోడంటే కొడుకు కాదు. కొడుకు వీరేశం ఒక్కడే. పెద్దోడు నాయిన తొలి శిష్యుడు. వీరేశం పుట్టకముందే బతుకుదెరువుకు దేశం మీద పోయాడు. నాయిన పోయేదాకా వాణ్నే తలుచుకున్నాడు. కంటితో చూడని ఆ మనిషిని వీరేశం తిట్టుకోని రోజు లేదు.

వాళ్ల దగ్గర ఒక ఆచారం ఉంది. పొర అతికించే ముందు లోపలి చెక్క మీద పెన్సిల్‌తో చిన్న నెలవంక గీస్తారు. నాయిన ఎడమకు తిప్పి గీసేవాడు. పెద్దోడూ అలాగే గీసేవాడట. ఆ మాట విన్నప్పటి నుంచి వీరేశం పంతానికి కుడికి తిప్పి గీస్తున్నాడు.

నాయిన తోళ్లూ ఎముకలూ మరిగించి వండే సరేసు జిగురు కూడా మానేశాడు. ఐటీ వాళ్లకు సాయంత్రానికల్లా పని అయిపోవాలి. డబ్బా జిగురు పూస్తే చిటికెలో పట్టేస్తుంది.

గేటు బయట టీ బండి దగ్గర స్వామిని నిలదీశాడు.

"నా ఇండ్లల్ల నీకేం పని పెద్దమనిషీ?"

"పిలిస్తే వచ్చిన." స్వామి నెమ్మదిగా అన్నాడు. "ఎండలు ముదిరినయ్ బిడ్డా. జిగురు జర చూస్కో."

నాకే నీతులా అని వీరేశానికి అరికాలి మంట నెత్తికెక్కింది. ముసలాయన ఇంకేదో చెప్పబోయాడు. వీరేశం చెప్పనిస్తే కదా!

పోయి మొగిలి చెవిలో ఒక మాట వేశాడు. "ఆయనతోని జర పైలం. చేతివాటం ఉందట."

పచ్చి అబద్ధం. అయినా అలాంటి మాటకు కాళ్లెక్కువ. మర్నాటికి అసోసియేషన్ దాకా పోయింది. స్వామికి గేటు మూసేశారు.

ఎవరు చెప్పారని ముసలాయన అడిగితే మొగిలి వీరేశం పేరు చెప్పేశాడట. "వీరేశం అన్నడా? అయితే ఇగ రాను తియ్" అని స్కూటర్ తిప్పుకున్నాడట. రాయదుర్గంలో కిరాయి గది కూడా ఖాళీ చేసి, ఎటు పోతున్నాడో చెప్పకుండా పోయాడు.

తేలు కుట్టిన దొంగలా పోయాడని వీరేశం నవ్వుకున్నాడు.

ఇక గిరాకీ అంతా తనదే అనుకున్నాడు. తీరా చూస్తే కొత్త పనులు రావడం ఆగిపోయింది. వచ్చే ఫోన్లన్నీ ఒకటే పాట. మీరు అతికించింది లేచింది, వచ్చి చూడండి అని.

రోహిణి మేడం కూడా పిలిచింది.

వెళ్లి చూస్తే ఒక స్పీకరు పొర పూరీలా పొంగింది. రెండోది నున్నగా, చెక్కలోంచి పుట్టినట్టుంది. వీరేశం ఛాతీ విరుచుకుని ఆ రెండోదాన్ని చూపించాడు.

"ఇది చూడున్రి మేడం. గిట్లుంటది నా పని."

"అది కూడా ఇలాగే లేచింది వీరేశం గారూ" అంది రోహిణి. "స్వామి గారు మళ్లీ అతికించారు. రెండోది కూడా చేస్తానన్నారు, మరి రాలేదు."

ఆమె మామూలుగా చెప్పుకుపోయింది. తప్పు ఎండదేగానీ పనివాడిది కాదన్నాడట స్వామి. వీరేశం చెయ్యి మంచిది, కొత్త పని ఏదున్నా అతన్నే పిలవండి అని ప్రతి ఇంట్లో చెప్పేవాడట. రేఖ వాళ్లకూ అదే చెప్పాడట.

సిగ్గుతో చావాల్సింది పోయి వీరేశానికి ఇంకా మండింది. అంత గొప్పగా ఏం పూశాడో చూడాలి. ఈ కడుపుమంటకు మందు లేదు కదా.

జత కలవాలంటే అది కూడా విప్పాలని మేడంకు అబద్ధం చెప్పాడు. నిక్షేపంలా ఉన్న పొర మీద తడిగుడ్డ పరిచి ఇస్త్రీపెట్టె ఆనించాడు.

ఆవిరితో పాటు వాసన లేచింది. సరేసు వాసన. నాయిన పోయాక మళ్లీ ఎక్కడా తగలని వాసన.

కత్తి మొన దూర్చి పొర ఎత్తాడు. పొర చిరగకుండా లేచింది.

కింద చెక్క మీద డబ్బా జిగురంతా శుభ్రంగా గోకేసి ఉంది, ఒక్కచోట తప్ప. అక్కడ కుడికి తిరిగిన తన నెలవంక చెక్కుచెదరకుండా ఉంది. దాని పక్కనే, దానికి ఆసరాగా నిలబడ్డట్టు, ఎడమకు తిరిగిన పెద్దోడి నెలవంక ఉంది.