ఆట ఎప్పుడైపోతుంది?

"ఈ ఆట తయారుచేసినవాణ్ణి కిందికి పిలుస్తారా, నన్నే పైకి రమ్మంటారా?"

రిసెప్షన్ బల్ల మీద ఆమె చరిచిన చరుపుకి పెన్నుల డబ్బా కిందపడింది. అడ్డం రాబోయిన వాచ్‌మన్ ఆమె చూసిన చూపుకి మళ్లీ తన స్టూలు దగ్గరికే వెళ్లాడు. కుట్టుమిషను ముందునుంచి లేచి సరాసరి వచ్చేసినట్టుంది, కొలతల టేపు ఇంకా మెడలోనే వేలాడుతోంది.

దిగి వచ్చినతన్ని ఆఫీసులో అందరూ బ్రహ్మ అంటారు. ఆ కంప్యూటర్ ఆట ఆడేవాళ్లకి ఎడతెగకుండా పనులు పుట్టించే ప్రోగ్రాం రాసింది అతనే. ఇలా మీదకొచ్చే అమ్మలూ అక్కలూ పెళ్లాలూ అతనికి కొత్త కాదు. పోయిన నెల ఒకావిడ గాజు తలుపు పగలగొట్టి మరీ వెళ్లింది.

"చదవడం మానేశాడా, ఉద్యోగం మానేశాడా?" అన్నాడు ఫోన్లోంచి తలెత్తకుండానే.

"అది నీకనవసరం. మా తమ్ముడు మీ ఆట ఆడుతున్నాడు. అది ఎప్పటికైనా అయిపోతుందా, అయిపోదా?"

"అయిపోదు."

"ఎందుకైపోదు?"

"అయిపోకుండా చేశాం కాబట్టి. ఆటలో ఒక ముసలమ్మ మేక తప్పిపోయిందంటుంది. వెతికి తెస్తే, కమ్మరి సుత్తి పోయిందంటాడు. అదీ తెచ్చిస్తే, పక్క ఊరిమీద తోడేళ్లు పడ్డాయంటారు. ఇవన్నీ మేం కూర్చుని రాసినవి కావు. కంప్యూటరే ఊళ్లూ పేర్లూ మార్చి అప్పటికప్పుడు పుట్టిస్తుంది. మీ తమ్ముడు ముసలివాడైపోయినా ఆ మేకలు తప్పిపోతూనే ఉంటాయి."

"అయితే అదే రాసివ్వు."

"ఏంటి?"

"అయిపోదని కాగితం మీద రాసి, సంతకం పెట్టు."

బ్రహ్మకి ఒళ్లు మండింది. "కోర్టుకెక్కడానికా? తమ్ముణ్ణి అదుపులో పెట్టుకోవడం చేతకాక మామీద పడతారేంటి? మేమొచ్చి వాడి చేతిలో పెట్టామా?"

"నోరు జాగ్రత్త! రాస్తావా, రాయవా?"

"రాయను. దిక్కున్నచోట చెప్పుకోండి."

అరుపులు విని మేనేజరు పరుగున దిగి వచ్చాడు. సోఫాల్లో కూర్చున్నవాళ్లు అప్పటికే ఫోన్లెత్తి వీడియో తీస్తున్నారు. అది చూడగానే ఆయన బ్రహ్మని పక్కకి నెట్టి, ముఖాన నవ్వు పులుముకున్నాడు.

"అమ్మా, మీ బాధ నాకు తెలుసు. నాకూ పిల్లలున్నారు. ఇలాంటి ఫిర్యాదులు చాలా వచ్చాయి. అందుకే ఆటకి ముగింపు పెట్టేస్తున్నాం. చివర్లో ఒక పెద్ద రాక్షసుడొస్తాడు. వాణ్ణి చంపగానే ఆట సరి. వచ్చే వారం నుంచే. ఇక మీ తమ్ముడు హాయిగా లేచి..."

"సార్, మనం ఇంకా అనుకోనేలేదు..." అన్నాడు బ్రహ్మ.

"నువ్వు నోర్ముయ్!"

ఆమె ముఖంలో నెత్తురుచుక్క లేదు. మరుక్షణం మేనేజరు కాలరు ఆమె పిడికిట్లో ఉంది. వాచ్‌మన్, బ్రహ్మ చెరో చెయ్యీ పట్టి లాగినా వదల్లేదు. చొక్కా గుండీ తెగి నేలమీద దొర్లింది.

"తీసెయ్! ఆ ముగింపు తీసెయ్!"

"ఇదెక్కడి గోల! అయిపోదంటే కొట్లాట, అయిపోతుందంటే కొట్లాట! అసలు నీకేం కావాలమ్మా?" ఊపిరాడక అరిచాడు మేనేజరు.

ఆమె కాలరు పట్టి ఆయన్ని ఇంకా దగ్గరికి గుంజింది.

"ఈ ఆట అయిపోయేదాకానే డయాలసిస్‌కి వస్తానని, ఆ తర్వాత తనని వదిలెయ్యాలని, మా తమ్ముడు నా చేత ఒట్టేయించుకున్నాడురా!"